ఏనుగు మొహం సామికి ఒక అర్జీ

కాణిపాకం వరసిద్ధి వినాయక స్వామి వారి దివ్యసముఖమునకు,
పూతలపట్టు నుంచి ఒక మామిడి రైతు రాసుకొను బహిరంగ అర్జీ.
విషయం: తమరి బంధువర్గం మా తోటల్లో దిగుట గురించి.

సామీ,

పై మూడు లైన్లు అలవాటు కొద్దీ ఆఫీసు భాషలో రాసినాను. ఇంక మామూలుగా మాట్లాడుకుందాం. ఈ అర్జీ నీ దగ్గరికి వచ్చే ముందు తిరగాల్సిన చోట్లంతా తిరిగింది. ఒక చోట ఫోటో లేదన్నారు. ఫోటో తీసుకొనిపోతే ఇంకో చోట అందులో ఏనుగు లేదన్నారు. పంట తిని పోయేది ఫోటోకు నిలబడుతుందా? పోయినేడు ఇచ్చిన కాయితం ఏమైందని అడిగితే ఎలకలు కొట్టేసినాయంట. పంట తినింది నీ వాళ్ళు, దరఖాస్తు తినింది నీ వాహనం. నీకు గాక ఇంకెవరికి చెప్పుకొనేది?

నీ గుడి పక్కన పారే బాహుదా కథ నీకు తెలియంది కాదు. ఆకలికి తాళలేక లిఖితుడనేవాడు తోటలో ఒక్క మామిడి పండు తెంపితే రాజు రెండు చేతులూ నరికించినాడు. ఆ నదిలో మునిగితే గదా మళ్ళా చేతులొచ్చింది! ఒక్క పండుకు రెండు చేతులైతే, బంగారుపాళ్యం పక్క నీ వాళ్ళు ఒక రాత్రి చేసే పనికి ఎన్ని తొండాలు కొయ్యాల? ఆ లెక్క మేము అడగడం లేదులే.

తోతాపురి కాయ తింటే తిన్నాయి. గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళిచ్చే ధరకు దాని మీద మాకు పెద్ద ఆశ కూడా లేదు. కానీ కొమ్మ వంచి కాయ కోసుకొనే ఓపిక వాటికుండదు. ఇరవై ఏళ్ళు సాకిన చెట్టు నడిమికి చీలిపోతుంది. డ్రిప్పు పైపులు ఊడబెరికి ఈడ్చుకుంటాపోతాయి. పొద్దున పోయి చూస్తే తడి నేలలో ఒక్కో అడుగు అన్నం పళ్ళెమంత ఉంటుంది. పేడలో టెంకలు నమలకుండానే ఉంటాయి, వానలకు మొలకెత్తుతాయి కూడా. అడవిలో ఎన్నో మాన్లకు విత్తనం మోసే కూలీలు ఇవేనని ఆ పేడ చూస్తే తెలుస్తుంది. అందుకే వీటి మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోతున్నాను.

ఇవి మన పక్క జంతువులు కావని పెద్దోళ్ళు అనేవాళ్ళు. వాళ్ళకు తెలిసినంతలో నిజమే. ఆంధ్రలో అడవి ఏనుగు దాదాపు రెండు వందల ఏళ్ళు లేదు. 1980ల మొదట్లో హోసూరు, ధర్మపురి పక్క అడవులు చాలక కుప్పం మీదుగా దిగినాయి. దిగినాక, 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించినారు, సుమారు 357 చదరపు కిలోమీటర్లు. 2003లో రాయల ఏనుగుల రిజర్వు అన్నారు. పెద్ద ఏనుగు రోజుకు వంద కేజీల పైన మేస్తుంది, వంద లీటర్ల పైన తాగుతుంది. ఆ అడవేమో సన్నగా, పొడుగ్గా, నడుమ నడుమ ఊళ్ళతో ఉంటుంది. ఎండాకాలం ఏట్లో ఇసుక తప్ప ఏముంటుంది? అడవి దాటితే చెరుకు, వరి, టమాట. ఎటు నడుస్తాయో నువ్వే చెప్పు. నువ్వు ఏటేటా పెరుగుతావని, పాత వెండి కవచం నీకు పట్టడం లేదని మా నమ్మకం. అడవి మటుకు పెరగలేదు సామీ.

కందకాలు తవ్వించినారు. వానలకు పూడినాయి, బండ తగిలిన తావ అసలు తవ్వనే లేదు. సోలారు కంచె కట్టినారు. నీ వాళ్ళు ఎండు మాను ఒకటి తీగ మీద పడదోసి దాటినాయి. తెలివి ఎవరి పోలికో చెప్పాల్నా? 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీలను, అంటే అడవి ఏనుగుల్ని తరిమే మచ్చిక ఏనుగులను ఇచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి క్యాంపు పెట్టినారు. మంచిదే. అయితే ఇక్కడ తరిమిన గుంపు రేపు పక్క మండలంలో తేలుతుంది. మా కష్టం ట్రాన్స్‌ఫర్ అయిందేగాని తీరలేదు.

తమిళనాడు వాల్పారైలో ఏనుగులు దగ్గరికొస్తే జనానికి సెల్లులో మెసేజ్ వస్తుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. కెన్యాలో చేను చుట్టూ తేనెపెట్టెలు వేలాడదీస్తారు. అంత పెద్ద జంతువుకు తేనెటీగంటే హడల్, పైగా రైతుకు తేనె మిగులుతుంది. ఆ ఉపాయాలు మా దగ్గర పారుతాయో లేదో చూడాలంటే ముందు మమ్మల్ని అడగాల. ఊరోళ్ళను అడిగితే ఏమవుతుందో చూడు: 1900 తర్వాత జాడ లేని కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా లంకమల పక్క బయటపడింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు బొమ్మలు చూపించి తిరిగితే, ఊరి వేటగాడే రాత్రిపూట పట్టి తెచ్చినాడు. దాని కోసం తర్వాత తెలుగుగంగ కాలవ దారే మార్చినారు.  

ఇప్పుడు అసలు మాట. మా జిల్లాలో నీ వాళ్ళు కరెంటుకు చచ్చిపోయినాయి. కొన్ని కిందికి జారిన లైన్లు తగిలి, కొన్ని చేనికి దొంగగా చుట్టిన తీగ తగిలి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో పులి పక్కనే ఏనుగు ఉంది. తీగ చుట్టినోడు జైలుకు పోవాల్సిందే, మా వాడైనా సరే. కానీ పరిహారం వారంలోపల చేతిలో పడితే ఆ తీగ కొనేవాళ్ళు సగానికి సగం తగ్గుతారని నా లెక్క. ఏనుగు దేశం మొత్తం ఆస్తి అంటారు. దాని మేత బిల్లు మాత్రం అడవి అంచున రెండెకరాల వాడి పేరు మీద వస్తుంది.

నీ ముందు అబద్ధం ఆడేదానికి ఎంతటోడైనా జంకుతాడు. ఒక రోజు ఆఫీసర్లను, కాంట్రాక్టర్లను, మమ్మల్ని, అందరినీ ప్రమాణానికి పిలిపించు. కోనేట్లో మునిగి తడిబట్టలతో నిలబడనీ. ‘రేపొచ్చి చూస్తాం’ అన్న వాళ్ళు ఆ రేపు ఏ తారీకో చెప్పాల. కందకం కాంట్రాక్టరు ఎంత లోతు తవ్వినాడో, ఎంత లోతుకు బిల్లు పెట్టినాడో చెప్పాల. మా వరస వచ్చేసరికి మేమూ ప్రమాణం చేస్తాం, తీగ చుట్టబోమని, పావెకరా పోతే రెండెకరాలని రాయబోమని. ముందు వాళ్ళను రమ్మను.

ఇట్లు,
పూతలపట్టు మామిడి రైతు