సెంటున్నర సొంతం

గృహవసతి భారాన్ని కొలవడానికి అమెరికాలోని కౌంటీలు, అంటే ఇక్కడి జిల్లాలను పోలిన పరిపాలనా విభాగాలు, ఒక సులువైన సూత్రాన్ని నమ్ముకున్నాయి: కుటుంబ ఆదాయంలో 30 శాతానికి మించి అద్దెకో ఇంటి అప్పు వాయిదాకో పోతే ఆ కుటుంబం భారం మోస్తున్నట్టు, సగానికి మించి పోతే నడుం విరుగుతున్నట్టు. ప్రభుత్వ గృహాల్లో అద్దెకుండేవారి కోసం 1969లో 25 శాతం దగ్గర గీసిన ఆ గీతను 1981లో 30కి జరిపారు, అది నేటికీ అక్కడే ఉంది. ఆ దేశంలో సొంత ఇంట్లో ఉండే కుటుంబాలు మూడింట రెండు వంతులకు అటూ ఇటూ ఉండగా, 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో సొంత ఇంట్లో ఉండే కుటుంబాలు 86.6 శాతం, అద్దెకుండేవి 11.1 శాతం మాత్రమే. కాబట్టి ఈ విషయంలో పాఠం చెప్పవలసింది ఆంధ్రప్రదేశ్‌లోని బాపట్ల జిల్లా, బుద్ధిగా కూర్చుని రాసుకోవలసింది అమెరికా కౌంటీలు అని ఎవరైనా వాదిస్తే అంకెల జోలికి వెళ్లి కాదనడం కష్టం. తాటాకుల పాకకూ, పెంకుటింటికీ, మూడంతస్తుల మేడకూ లెక్కల పుస్తకంలో ‘సొంతం’ అన్న గడి ఒక్కటే కావడం వల్ల, ఆ గడిలోకి చేరాక పాక కూడా మేడతో సమానంగా కాళ్లు చాపుకుంటుంది.

ఈ గడిని నింపడంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు చూపిన ఉత్సాహం తక్కువేమీ కాదు. 2020 డిసెంబరు 25న నాటి తూర్పుగోదావరి జిల్లా కొమరగిరిలో మొదలైన కార్యక్రమంలో 30 లక్షలకు పైగా ఇళ్ల స్థలాల పట్టాలను మహిళల పేరిట పంచారు. కొలత పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటు అంటే ఎకరంలో నూరో వంతు, 48.4 చదరపు గజాలు, అనగా సుమారు 435 చదరపు అడుగులు. అత్తరుకూ భూమికీ తెలుగువారి నోట ఒకే మాట కుదరడం కాకతాళీయమే కావచ్చు గాని, రెంటినీ చుక్కల్లెక్కన చల్లే పద్ధతి మాత్రం కాకతాళీయం కాదు. ఆ స్థలంలో కట్టవలసిన ఇల్లు 340 చదరపు అడుగులు. మంచమూ బీరువా కుట్టుమిషనూ చేరాక మిగిలిన జాగాలో పిల్లవాడు పుస్తకం తెరిస్తే, పుస్తకం మూసేదాకా తల్లి అవతలి గదిలోకి పోవడానికి ఆగవలసిన కొలత అది. 2021 అక్టోబరులో రాష్ట్ర హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఈ కొలతను తప్పుపట్టి నిర్మాణాలు ఆపమంది; కొన్ని వారాలకే ఆ తీర్పు పక్కకు పోయింది, కొలత నిలిచింది. 2024 ఎన్నికల్లో ఎదుటి పక్షం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామని పాట పెంచింది. పేదవాడి ఇంటి వైశాల్యం ఇంజనీరు చేతిలోంచి వేలంపాటలోకి మారిన తీరు ఇది. ఈ పాటలో ఎన్ని సెంట్లు అని అరిచినవారే తప్ప, ఎక్కడ అని అడిగినవారు తక్కువ.

ఎక్కడ అన్నదే అసలు సంగతి. ఇవి ఇళ్లు కావు, ఊళ్లు అన్నది ఆ పథకానికి దక్కిన గొప్ప ప్రచారం. అలాంటి ‘ఊళ్లు’ 17 వేలకు పైబడి లేచాయని లెక్క. తెలుగులో ‘ఊరు’ అన్న మాటకు నిర్దిష్టమైన అర్థముంది. ఊరంటే చెరువు, గుడి, బడి, సంత, బస్సు ఆగే చెట్టు, అప్పు పుట్టే గడప. ఇవి ఉన్న చోటు ఊరు, ఇవి లేకుండా ఊరికి పనిచేసే మనుషులు మాత్రమే ఉన్న చోటు వాడ. మాలపల్లె గాని, మాదిగపల్లె గాని ఊరికి ఏ దిక్కున ఉండాలో, చెరువుకు ఎగువనో దిగువనో నిర్ణయించిన పాత పట్టణ ప్రణాళికా శాస్త్రానికి కాగితాలు లేవు గాని అమలు మాత్రం పకడ్బందీగా సాగింది. కొత్త లేఅవుట్లు, అంటే హద్దురాళ్లు పాతి విడగొట్టిన స్థలాల వరుసలు, చాలాచోట్ల భూమి చవకగా దొరికిన చోట, ఊరికి దూరంగా, పల్లంలో పడ్డాయి. చవక భూమి ఊరికి దూరంగా ఉండటం ఆర్థికశాస్త్రం; ఆ చవక భూమికి వెళ్లవలసినవారు తరతరాలుగా ఊరికి దూరంగా ఉన్నవారే కావడం మరేదో శాస్త్రం.

బాపట్ల జిల్లాలోని కారంచేడు, పర్చూరు ప్రాంతపు నల్లరేగడి ఈ రెండు శాస్త్రాలనూ లక్ష్యపెట్టదు. ఎండాకాలంలో చేయి దూరేంత నెర్రెలు విచ్చి, వానాకాలంలో ఉబ్బే ఆ నేలలో పునాది లోతుకు పోవాలి, పల్లమైతే అంతకుముందే మెరక తోలించాలి. ట్రాక్టరు వెనుక ట్రాక్టరుగా తోలిన మట్టి ఒక వానకు కుంగి, మళ్లీ తోలించమంటుంది. ఇంటికి కేటాయించిన 1.80 లక్షల రూపాయల్లో మెరక మట్టికి విడిగా పద్దు ఉండదు గనుక, ఇల్లు గోడల వరకైనా లేవకముందే కుటుంబం పావలా వడ్డీ అప్పు దాటి మూడు రూపాయల వడ్డీ దగ్గరికి చేరుతుంది. మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి మూడు, ఏడాదికి 36 శాతం. గృహనిర్మాణ శాఖకు మాత్రం ఈ ఇల్లు కొన్ని అక్షరాలుగానే తెలుసు: బీబీఎల్ అంటే పునాది, బీఎల్ అంటే బేస్‌మెంటు, ఆర్‌ఎల్ అంటే పైకప్పు మట్టం, ఆర్‌సీ అంటే శ్లాబు. ఒక్కో అక్షరానికి ఒక్కో బిల్లు, ఒక్కో బిల్లుకు ఒక్కో ఫొటో. ఇల్లు కట్టి చూడమన్న పాత సామెత కష్టాన్ని ఉద్దేశించి పుట్టింది. ఇప్పుడు కట్టేది ఒకరు, చూసేది సెల్‌ఫోన్. అక్షాంశ రేఖాంశాలతో సహా ఫొటోలోకి ఎక్కిన ఇల్లు అక్కడితో సొంతమైపోతుంది, అందులో దీపం వెలిగిందా లేదా అన్నది వేరే శాఖ వ్యవహారం.

అద్దెకుండేవారికి ఈ వైభవమూ లేదు. ఎన్నికల వాగ్దానాల్లో వారు కనబడేది రేపటి సొంతింటివారుగానే తప్ప, ఈ నెల ఐదో తేదీకి అద్దె కట్టవలసినవారుగా కాదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం న్యాయమైన అద్దె ఎంతో తేల్చే దారి చూపింది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా కిరాయి చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు కూడదంది. రెండూ రూపాయల గురించే మాట్లాడాయి. తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో, చీరాలలోనో ఇల్లు వెతికేవారిని మొదట అడిగేది రూపాయల సంగతి కాదు. గేటు మీద చేయి వేసి నిలబడిన ఇంటాయన పేరు అడుగుతాడు, పేరు చాలకపోతే ఇంటిపేరు, ఇంటిపేరు చాలకపోతే సొంత ఊరు, సొంత ఊరు చెప్పాక ఊళ్లో ఏ బజారని, చివరికి మొహమాటం వదిలి “మీరేవిట్లండీ?” అని. ఏవిట్లు అనగా ఏమిటివాళ్లు, అనగా ఏ కులం. అంటరానితనాన్ని 1955లోనే చట్టం నేరంగా ప్రకటించింది గనుక జవాబు నచ్చని ఇంటాయన చట్టాన్ని గౌరవించి, “మా బావమరిది వాళ్లు దిగుతామన్నారండీ, ఇప్పుడే మాటైపోయింది” అంటాడు. గేటుకున్న అద్దె బోర్డు మాత్రం మర్నాడు కూడా వేలాడుతుంది. మరికొంత చదువుకున్నవారు ఈ సంభాషణ శ్రమ కూడా లేకుండా ‘శాకాహారులకు మాత్రమే’ అని బోర్డు మీదే రాయించి, కులాన్ని కూరగాయల్లో దాచుకుంటారు. ప్రభుత్వోద్యోగికి జీతంతోపాటు ఇంటి అద్దె భత్యం వస్తుంది. అది పట్టణం పెద్దదనాన్ని బట్టి మారుతుంది గాని, “మీరేవిట్లు” అన్న ప్రశ్నకు జవాబును బట్టి మారదు. ఆదాయంలో 30 శాతం చేతిలో పట్టుకుని నిలబడ్డవాడికి ఇల్లు దొరకకపోతే, అమెరికా కౌంటీ సూత్రం ప్రకారం అతనికి భారమేమీ లేదు. అద్దె కట్టడం లేదు కదా.

సొంతం అన్న మాటకు ఈ ప్రాంతంలో దొరికే అసలు నిర్వచనం కోసం కారంచేడునే చూడాలి. 1985 జూలైలో మాదిగపల్లె వారికి ఇళ్లున్నాయి. అవి ఏ జనాభా లెక్కలోనైనా ‘సొంతం’ గడిలోకి ఎక్కదగినవే. అద్దె లేదు, వాయిదా లేదు, భారం సున్నా. మంచినీళ్ల చెరువు దగ్గర నీళ్లు పాడుచేయవద్దని మాదిగ మహిళ ఒకరు అభ్యంతరం చెప్పిన మర్నాడు, జూలై 17న, కమ్మ భూస్వాముల మూక ఆ ఇళ్ల మీద పడింది. ఆరుగురు మాదిగలు హతమయ్యారు, మహిళల మీద అత్యాచారాలు జరిగాయి, మిగిలినవారు సొంత ఇళ్లు వదిలి చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. దళిత మహాసభ ఆ శిబిరంలోంచే పుట్టింది, 1989 నాటి అట్రాసిటీల నిరోధక చట్టానికి దారితీసిన ఘటనల్లో ఇది ముఖ్యమైనదిగా నిలిచింది. చట్టం వచ్చింది, ఉద్యమం వచ్చింది, ఇళ్లు కూడా వచ్చాయి. ఆ ఇళ్లు కారంచేడులో రాలేదు. బాధితులకు పునరావాసం చీరాలలోని విజయనగర్ కాలనీలో దక్కింది. ఊరికి అవతల ఉన్నవారిని ఊరే వదిలించి మరో ఊళ్లో పట్టా ఇవ్వడాన్ని గృహవసతి కల్పనగా నమోదు చేయగల నేర్పు ఏ పాశ్చాత్య కౌంటీకీ అబ్బలేదు, అక్కడి అధికారులు ఇంకా వాయిదాల శాతాలు లెక్కపెట్టుకుంటూ వెనుకబడి ఉన్నారు.

‘సొంతం’, ‘అద్దె’ అన్న రెండు గడుల పక్కన రాబోయే జనాభా లెక్కల్లో మూడో గడి ఒకటి పెడితే కొంత ఉపయోగం ఉంటుంది: ఈ ఇంట్లో ఉండనిస్తారా? సెంట్లు పెంచే పార్టీలు, అడ్వాన్సు తగ్గించే చట్టాలు, బిల్లులకు ఫొటోలు తీసే శాఖ, బోర్డులు రాయించే ఇంటాయనలు తలా ఒక చేయి వేస్తే దానికి జవాబు నింపడం కష్టమేమీ కాదు. 2008 డిసెంబరులో, అంటే ఘటన జరిగిన 23 ఏళ్లకు, సుప్రీంకోర్టు కారంచేడు కేసులో ప్రధాన నిందితుడికి యావజ్జీవ శిక్ష వేసింది. తీర్పు నాటికి విజయనగర్ కాలనీ చీరాలలోనే ఉంది, ఇప్పటికీ అక్కడే ఉంది.