చౌర్యనివారణ చతుష్పాది: పలక ప్రతికి టీకా తాత్పర్యం

మూలం

వాకిలి వేలెడు చెయ్యి.
పగలు మూత తియ్యబాకు.
పాకం పొద్దుగూకి... లోపల పెట్టు.
కారితే కడుగు.

అవతారిక

శ్రీశైలాన తుమ్మెద రూపు దాల్చి అరుణాసురుణ్ణి మట్టుపెట్టిన భ్రమరాంబకు మొక్కి, ఆ తల్లి అడవి అంచున యర్రగొండపాలెం పొలాల్లో ఒక వేపచెట్టుకు వేలాడే పలక మీది గ్రంథానికి వ్యాఖ్య మొదలుపెడుతున్నాను. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

పలక మార్కాపురానిది, లిపి సుద్దముక్కది. కవి నామధేయం దొరకలేదు. తేనెపెట్టెలు పెట్టుకున్న ఆసామి అయివుంటాడనీ, కాపలా కుర్రవాడి కోసం రాశాడనీ అంతస్సాక్ష్యం చెబుతోంది. క్రియలన్నీ ఏకవచనం. చివరి పాదం దగ్గర సుద్ద విరిగేంత ఒత్తిడి. రసం రౌద్రమని వేరే చెప్పనక్కర్లేదు.

విశేషమేమంటే, గ్రంథమంతా దొంగతనం గురించే అయినా నాలుగు పాదాల్లో ఎక్కడా దొంగ అన్న మాట రాదు. ఆనందవర్ధనుడు చూసివుంటే ధ్వనికావ్యాల్లో చేర్చుకునేవాడు. ఇక్కడ దొంగ మనిషి కాదు, ఎలుగుబంటి కాదు, కందిరీగ కూడా కాదు. తేనెటీగే. పూత ఉన్నన్నాళ్లు ఏ పెట్టె ఈగ దాని చేను చూసుకుంటుంది. పొద్దుతిరుగుడు పూత అయిపోయి, కానుగా వేపా రాల్చేసి, వానలు ఇంకా నిలదొక్కుకోని రోజుల్లో పనిలేని ఈగలు వేలకు వేలు ఇంట కూర్చుంటాయి. మిఠాయి కొట్టు పళ్లెం మీద ఈగలు ముసిరాయంటే కరువు మొదలైందని లెక్క. అప్పుడు బలమున్న పెట్టె బక్క పెట్టె మీద పడుతుంది. ఒకసారి పడితే గంటల్లో తేనె ఖాళీ. ఇల్లుగల ఈగలు చచ్చి వాకిట్లో కుప్ప. దోచిన పెట్టెలో వారోవా పేను ఉంటే అదీ దొంగలతోపాటే వాళ్లింటికి.

పాత్రల గురించి ఒక మాట. నల్లమల కొండచరియకు వేలాడే పెద్ద తేనెకు ఈ గ్రంథం వర్తించదు. దానికి పెట్టె లేదు, వాకిలి లేదు, పట్టు మీద ఈగలే పరదా. చెంచులు తాడు దిగి తీసే తేనె అదే. తొర్రల్లో కాపురముండే మన పుట్టతేనె ఈగ పెట్టెలోనూ ఇముడుతుంది గానీ, 1990ల మొదట్లో వచ్చిన పిల్లపురుగు తెగులు దక్షిణాదిలో దాన్ని ఊడ్చిపెట్టింది. ఆ ఖాళీలోకి ఇటలీ ఈగ వచ్చింది. 1962లో ఉత్తరాదిన నగ్రోటాలో నిలదొక్కుకున్న జాతి అది. తేనె ఎక్కువ పెడుతుంది, కరువొస్తే దోపిడీకీ అంతే ఉత్సాహంగా లేస్తుంది. ఈ రెండు జాతుల్నీ ఒకే తోటలో ఉంచితే వాటి వ్యవహారాలకు టీక రాయడం నా తరం కాదు.

ప్రథమ పాదం

ప్రతిపదార్థం: వాకిలి = పెట్టె అడుగున ఈగలు వచ్చిపోయే సందును; వేలెడు = వేలికి సరిపడేట్టుగా; చెయ్యి = చేయుము. ఇది క్రియ. పక్కనే వేలు ఉంది గనుక హస్తమని భ్రమపడరాదు.

టీక: శ్రీశైలానికి త్రిపురాంతకం తూర్పు వాకిలి. అలాంటి సీమలో వాకిలి కొలతల మీద విచారణ పుట్టడం సహజం. ఇక్కడ సందేహం: వేలెడు అంటే వేలి పొడవా, వేలి మందమా? "మామా, నీ వేలా నా వేలా?" అని శిష్యుడు అడిగినట్టు కూడా ఐతిహ్యం. సిద్ధాంతమిది. బలమైన పెట్టెకు పొడవు, బక్క పెట్టెకు మందం. మరీ నీరసించినదైతే రెండు ఈగలు ఒరుసుకుంటూ పోయేంత.

ఎందుకంటే పెట్టె వాకిలి మామూలుగా జానెడున్నర ఉంటుంది. కూలి ఈగ పుట్టిన మొదటి రెండు మూడు వారాలు ఇంటిపనే చేస్తుంది. బయటికి మేతకు పోయే ముందు కొన్ని ఈగలు కొద్దిరోజులు గుమ్మంలో కావలి కాస్తాయి. వచ్చిన ప్రతిదాన్నీ మీసాలతో తడిమి, వాసన పట్టి, మన ఇంటిదా కాదా తేలుస్తాయి. బక్క పెట్టెకు ఈ కావలి నలుగురో ఐదుగురో. జానెడున్నర గుమ్మం నలుగురు కాయలేరు. వేలెడు గుమ్మం ఇద్దరు కాస్తారు. దొంగను తరమడం పెంచేవాడి పని కాదు, వాడి వల్ల కాదు కూడా. కావలికి పని తగ్గించడమే వాడు చెయ్యగలిగింది. మొత్తం గ్రంథానికి ఇదే కీలకమని నా మతం. మూత కింద సందులు, మూలల్లో చీలికలు ఉంటే అవి కావలి లేని వాకిళ్లు. బంకమట్టీ పేడా కలిపి మెత్తాలని వాక్యశేషం.

పూర్వపక్షం: వేలెడు మాత్రం ఎందుకు, పూర్తిగా మూసేస్తే పీడా పోతుంది గదా?

పరిహారం: పోతుంది, పెట్టె కూడా. పిల్లల గదుల్ని ఈగలు రెక్కలతో విసురుకుంటూ, నీళ్లు తెచ్చి చల్లుకుంటూ 34, 35 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతాయి. యర్రగొండపాలెంలో ఎండ 40 దాటిన మధ్యాహ్నం గుమ్మం మూస్తే గాలి ఆడదు, నీళ్లు రావు. మైనం కరగడానికి 60 పైన కావాలి గానీ, తేనె బరువుతో మెత్తబడి జారిపోవడానికి అంత అక్కర్లేదు. లోపల తేనెలో ఈగలు మునిగి చస్తాయి. దొంగలు చేసే పని మనమే చేసినట్టు.

ద్వితీయ పాదం

ప్రతిపదార్థం: పగలు = ఈగలు ఎగిరే వేళ; మూత = పెట్టె పై పలకను; తియ్యబాకు = తీయకుము.

టీక: చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం అచ్చువేసినప్పుడు ఈ 'బాకు'కు సూత్రం చెయ్యలేదు. ప్రకాశం, నెల్లూరు సీమల్లో మాత్రం దీన్ని మించిన నిషేధం లేదు. తీయకుము అంటే కుర్రవాడు ఆలోచిస్తాడు. తియ్యబాకు అంటే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

పూతకాలంలో అరగంట మూత తీసి పెట్టినా ఫర్వాలేదు. కరువులో నాలుగు నిమిషాలే ఎక్కువ. తేనె వాసన గాలిలో కలవగానే ముందు ఒక ఈగ వస్తుంది. అది తాగి ఇంటికి పోయి ఆడుతుంది. తేనెటీగల ఆటకు అర్థం చెప్పి 1973లో నోబెల్ అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ కనిపెట్టినదాని ప్రకారం, మేత దూరాన ఉంటే ఆట దిక్కూ దూరమూ చెబుతుంది. మరీ దగ్గరైతే గుండ్రంగా తిరిగి ఊరుకుంటుంది: ఇక్కడే ఎక్కడో ఉంది, వాసన పట్టుకొని వెతుక్కోండి అని. ఒకే తోటలో పెట్టె నుంచి పెట్టెకు ఉండేది పదడుగులు. కనుక చిరునామా లేకుండా ఊరేగింపు బయల్దేరుతుంది, ఏది తెరిచి ఉంటే దాంట్లోకి. మూత తీసింది ఒక పెట్టెకైనా సోదా అన్నిటికీ జరిగేది ఇందుకే.

పొగ పెట్టి మూత తీస్తే? పొగకు మెత్తబడేది కావలి. అవి ప్రమాదమని చెప్పుకునే వాసనను పొగ కప్పేస్తుంది. ఆ వాసన మనుషుల ముక్కుకు మాగిన అరటిపండులా ఉంటుంది. పెట్టె దగ్గరికి పోయేముందు అరటిపండు తినొద్దనే పెద్దల మాటకు మూలం అదే.

అత్ర విశేషః

మూలం దోపిడీ లక్షణాలు చెప్పలేదు. చెప్పకపోవడం లోపం, ఎందుకంటే రోజూ మధ్యాహ్నం దాటాక పెట్టె ముందు ఒక గోల లేస్తుంది. కొత్తవాడు దాన్ని దోపిడీ అనుకొని నీళ్ల బిందెతో పరిగెత్తుతాడు. అవి పిల్ల ఈగలు. పెట్టెకు ముఖం పెట్టి, పైకీ కిందికీ ఊగుతూ తమ ఇంటి గుర్తులు నేర్చుకుంటాయి. కొట్లాట ఉండదు. కాసేపటికి సద్దుమణుగుతుంది. దొంగల సందడి చీకటిపడేదాకా ఆగదు.

దొంగ తిన్నగా వాలదు. కాళ్లు వేలాడేసి, అటూ ఇటూ జరుగుతూ, వెనక్కీ పక్కకీ పోయి సందులు వెతుకుతుంది. కాళ్లకు పుప్పొడి ముద్దలు ఉండవు. పుప్పొడితో వచ్చేది ఆ ఇంటిదే. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు బరువు. పద్ధతిగల ఇంట్లో ఈగ తేలిగ్గా వెళ్లి బరువుగా వస్తుంది. దోపిడీ ఇంట్లో తేలిగ్గా వచ్చి బరువుగా పోతుంది. తిన్నగా ఎగరలేక పెట్టె ముందుగోడ ఎక్కి, అక్కడినుంచి జారి రెక్కలు సవరించుకుంటుంది. అడుగుపలక మీద చించిన మైనం పొట్టు రాలుతుంది.

అరిస్టాటిల్ దొంగ ఈగను నల్లటి వేరే రకంగా లెక్కగట్టాడు. నల్లగా మెరవడం నిజమే. ఇరుకు సందుల్లో దూరి, కావలితో పెనుగులాడి ఒంటి నూగు ఊడిపోతే ఏ ఈగైనా నల్లగానే మెరుస్తుంది. రోమా కవి వర్జిల్ ఈగల యుద్ధాన్ని గుప్పెడు దుమ్ముతో ఆపవచ్చన్నాడు. ఆయన చెప్పింది రాజుల పోరు గురించి. రాణిని రాజనుకున్న కాలం. దుమ్ముతో దోపిడీ ఆగేదైతే, మన రోడ్ల పక్కన పెట్టె పెట్టినవాడికి ఈ గ్రంథమే అవసరముండేది కాదు.

తృతీయ పాదం

ఇక్కడ వాన పడి అక్షరాలు చెరిగాయి. 'పొద్దుగూకినాక లోపల పెట్టు' అని ఒక పాఠం: చీకటిపడ్డాక, పెట్టె లోపల. 'పొద్దుగూకే లోపల పెట్టు' అని ఇంకొకటి: చీకటిపడక ముందే, ఎక్కడైనా. రెండో పాఠం సుకుమారంగా వినిపిస్తుంది, పెట్టెలు ఖాళీ చేస్తుంది. ఈగ స్వభావమే మొదటిదానికి సాక్ష్యం. లోపల చక్కెర పాకం దొరకగానే ఈగలు ఉద్రేకపడి, ఇది వచ్చిన చోటు బయట ఎక్కడో ఉందని వెతకబోతాయి. పగలైతే పక్కింటి మీద పడతాయి. రాత్రి ఎగరలేవు గనుక ఉద్రేకం ఇంట్లోనే చల్లారుతుంది. చక్కెరా నీళ్లూ సమపాళ్లు, తెల్లారేసరికి అయిపోయేంత. బెల్లం ఘుమఘుమలాడుతుంది, అందుకే పనికిరాదు. ఆరుబయట పళ్లెంలో పోసి అన్నదానం చేసేవాళ్లకు పుణ్యం దక్కదు.

'తేనె తీసుకునే మనిషి అసలు దొంగ కాదా?' అనే ఆక్షేపం ప్రతి సభలోనూ వస్తుంది. కరువులో వెనక్కి వచ్చి పాకం పోసే దొంగను ఎవరైనా చూపిస్తే జవాబిస్తాను.

చతుర్థ పాదం

స్పష్టం. నీళ్లతో.

పలక వెనక వైపు

'పడ్డాక తడిగడ్డి. పెట్టె ఎత్తబాకు.' సుద్ద రంగు వేరు గనుక ఇది ప్రక్షిప్తమని ఒక వాదం. నష్టం చూశాక రాసిందని నా మతం. తడిపిన గడ్డి గుమ్మం ముందు వదులుగా వేస్తే ఇంటి ఈగలు పాక్కుంటూ దారి చేసుకుంటాయి, వాసన మీద వచ్చిన దొంగ తడబడుతుంది. తడి గోనెపట్టా పెట్టె మొత్తానికి కప్పడం మరొక పద్ధతి. రెండూ గంటలో ఆరిపోతాయి, మళ్లీ తడపాలి.

పెట్టె ఎత్తవద్దనడం విచార్యం. దోపిడీకి గురైన పెట్టెను మాత్రమే చీకట్లో దూరానికి చేర్చడం మంచిదే. కానీ ఆ చోటు ఖాళీగా వదిలితే తెల్లారి వచ్చిన దొంగలు అటూ ఇటూ చూసి పక్క పెట్టెను పట్టుకుంటాయి. కనుక అక్కడ పాత పట్టుతో ఒక ఖాళీ పెట్టె ఉంచాలి. దొంగ ఎవరో తేలాలంటే బరువుగా బయటికొచ్చే ఈగల మీద పిండి చల్లి, తెల్లటి ఈగలు ఏ పెట్టెలో దూరుతున్నాయో చూడాలి. తరచుగా అవి మన తోటలోనే, వచ్చినవాళ్లందరికీ గొప్పగా చూపించే పెట్టెలోకే పోతాయి. అప్పుడు ఆ రెంటి చోట్లూ మార్చమని పాతవాళ్లు చెబుతారు. దొంగిలించడానికి వచ్చినవి అలవాటుగా తమ చోటికే పోయి, బక్క ఇంటికి చాకిరీ చేస్తాయి.

బక్క పెట్టెలో రాణి ఉంటేనే ఇది. రాణి లేకపోతే కాపాడటం వృథా. రాత్రివేళ మధ్యలో దినపత్రిక ఒక పొర వేసి రాణి ఉన్న పెట్టె మీదికి ఎక్కించాలి. ఒకటి రెండు రోజుల్లో రెండు వైపులా కొరుక్కుని కలిసిపోతాయి. ఆదివారం అనుబంధం వెయ్యబాకు, దాని కాగితం నున్నగా ఉంటుంది.