ఎదురుగాలి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

గాలి తోయ నాదు కాలిబలం బన్న
శూరు డెదురుగాలి చూసి తిట్టు
ఆట గెల్చెనేని యాసనబలమంచు
బ్యాటు పట్టనట్టి భక్తు డుబ్బు

అవతారిక: హైదరాబాదుకు పడమర దిక్కున, చేవెళ్ల మర్రిచెట్ల దారిలోనూ వికారాబాదు మీదుగా అనంతగిరి దాకానూ ఆదివారాలు సైకిలు తొక్కే జనంలో పుట్టిన పద్యం ఇది. కవి పేరు చెప్పుకోలేదు. తోటి సైకిలిస్టుల మధ్యే తిరగాల్సినవాడు కాబట్టి మంచి పనే చేశాడు. వ్యాఖ్యాతలకు పెద్దదిక్కయిన మల్లినాథసూరి మా మెదకు సీమవాడే. మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. నాకు అలాంటి ఒట్లేమీ లేవు.

టీక: గాలి = వీపు వెనకనుంచి వీచునది; తోయన్ = నెట్టగా; నాదు = నా యొక్క; కాలిబలంబు = పిక్కల సత్తువ; అన్న = అని పలికిన; శూరుడు = ఆదివారపు సైకిలిస్టు; ఎదురుగాలిన్ = ముఖమున కొట్టు గాలిని; చూసి = కనుగొని; తిట్టున్ = నిందించును. ఆట = ఐపీఎల్ మొదలైనది; గెల్చెనేని = గెలిచినచో; ఆసనబలము = సోఫాలో తాను కూర్చున్న చోటి మహిమ; అంచున్ = అనుచు; బ్యాటు పట్టనట్టి = బడి వదిలాక బ్యాటు ముట్టని; భక్తుడు = అభిమాని; ఉబ్బున్ = పొంగిపోవును.

తాత్పర్యం: సైకిలిస్టు గాలి చేసిన పనిని తన ఖాతాలో వేసుకుంటాడు. అభిమాని పదకొండుమంది చేసిన పనిని తన సోఫా ఖాతాలో వేస్తాడు.

విశేషాలు: ‘గాలి తోయ’ అన్నచోట కవికి లెక్కలు బాగా తెలుసు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కేవాడికి వెనకనుంచి 10 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి తగిలే గాలి 10. అదే గాలి ఎదురైతే 30. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే మూడింతల గాలికి తొమ్మిదింతల అడ్డు. పిక్కలు మాత్రం రెండువైపులా అవే. ఆషాఢంలో మనకు పడమటి గాలి గనుక అనంతగిరికి పోయేటప్పుడు శూరుడు పళ్ళు బిగించి తొక్కుతాడు, తిరిగొచ్చేటప్పుడు ఎగిరొస్తాడు. ఆ వేగాన్నే ఫొటో తీసి పదిమందికీ పంపుతాడు. పైగా ఆ దారి పల్లం. ప్రమాణం కావాలంటే మూసీ ఉంది. ఆ నది అనంతగిరిలో పుట్టి హైదరాబాదుకు దిగివస్తుంది, దానికి ఎవరూ పెడళ్ళు బిగించలేదు.

‘చూసి’ మీద ఒక ఆక్షేపణ. గాలి కంటికి కనబడదు కదా, చూసి తిట్టడం ఎలా? సమాధానం: తుమ్మకొమ్మల ఊపులో కనబడుతుంది, చిరిగిన ఫ్లెక్సీలో కనబడుతుంది, అన్నిటికంటే ముందు ఫోన్‌లో కనబడుతుంది. శూరుడు ముందురోజు రాత్రే ఫోన్ చూసి తిట్లు మొదలుపెడతాడు. ‘చూచి’ అని పాఠాంతరం ఉంది. గణాలు దానికీ సరిపోతాయి గానీ, పంక్చరు వేసుకుంటూ ‘చూచి’ అనే మనిషి నాకింకా తగల్లేదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకుకు సోలార్ పలకల కప్పు ఉంది కదా, అక్కడ గాలి బాధేమిటని మరొకరి శంక. కప్పు ఆపేది ఎండను. గాలి పక్కలనుంచి వస్తుంది.

‘శూరుడు’ అన్న మాటను కొందరు ఎత్తిపొడుపంటారు. నేనొప్పుకోను. గండిపేట చుట్టుపక్కల మట్టిబాటల్లో పల్లేరుకాయల కాలంలో తొక్కినవాడెవడైనా శూరుడే. పల్లేరుకాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. టైరు మెత్తబడిందని తెలిసేసరికి ముల్లు ఎప్పుడో గుచ్చుకుని ఉంటుంది. అప్పుడు బండి తిరగేసి, చక్రం ఊడదీసి, టైరు లోపల బొటనవేలు నెమ్మదిగా తిప్పుకుంటూ పోవాలి. వేలికి చురుక్కుమన్నచోట ముల్లు. అది తియ్యకుండా కొత్త ట్యూబు వేసినవాడు ఇంకో అరకిలోమీటరు పోయి మళ్ళీ దిగుతాడు. ఈలోగా దూరాన కుక్కలు లేస్తాయి. ఇంతటి సాహసానికి చప్పట్లు కొట్టేది గొర్రెలు కాసుకునే తాత ఒక్కడే. ఆయన కూడా చప్పట్లు కొట్టడు, “బస్సు దొరకలేదా బిడ్డా?” అంటాడు.

‘భక్తుడు’ అన్నది సరైన మాట. హైదరాబాదు ఐపీఎల్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ 2008లో అట్టడుగున నిలిచింది. 2009లో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. 2012లో జట్టే లేకుండా పోయింది. 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. కొలిచే దేవుడినే మార్చేసినా భక్తుడు గుడి మారలేదు, ఉప్పల్‌లోనే నారింజరంగు జెండా పట్టాడు. 2016లో కప్పు చూశాడు.

‘ఆసనబలము’ పద్యానికి ప్రాణం. 2024 ఏప్రిల్ 15న బెంగళూరులో మనవాళ్ళు 287 కొట్టారు, ట్రావిస్ హెడ్ 41 బంతుల్లో 102. ఆ రాత్రి సోఫాలో కాలు మడిచి కూర్చున్న భక్తుడు ఇన్నింగ్స్ అయ్యేదాకా ఆ కాలు దించడు. పిల్లాడు లేచి నీళ్ళకు పోబోతే “కూర్చోరా, వికెట్ పడుద్ది” అని కసురుతాడు. కాలు తిమ్మిరెక్కుతుంది. దాన్ని ఆయన కష్టమనుకోడు, జట్టుకు చేసిన సేవ అనుకుంటాడు.

అయితే కవి సగమే చెప్పాడు. గెలిచిననాటి ఉబ్బు చెప్పి, ఓడిననాటి సంగతి వదిలేశాడు. నాలుగు పాదాల్లో చోటు లేకపోయిందనుకుందాం. అదే ఏడాది మే 26న చెన్నైలో ఫైనల్. హెడ్ తొలిబంతికే ఔట్, జట్టు మొత్తం 113. కోల్‌కతా పదిన్నర ఓవర్లలో పని ముగించేసింది. ఆ రాత్రి భక్తుడు పిచ్‌ను తిట్టలేదనను, టాస్‌ను తిట్టలేదనను. కానీ పడుకోబోతూ ఇంట్లోవాళ్ళతో అన్నమాట వేరు: “నేను ఆ చోట కూర్చోకుండా ఉండాల్సింది.” గెలుపు తనదన్నవాడు ఓటమీ తనదే అన్నాడు. శూరుడు ఈ మాట ఏనాడైనా అన్నాడా? వెనకగాలికి తానే కర్త, ఎదురుగాలికి వాయుదేవుడు కర్త. వ్యాకరణం ఇందుకు ఒప్పుకోదు.

ఇంతకీ శూరుడు, భక్తుడు ఇద్దరా ఒక్కడా? ఇద్దరంటారు ఎక్కువమంది. ఐపీఎల్ వేసవిది, పడమటి గాలి ఆషాఢానిది, ఇద్దరికీ పొత్తు కుదరదని వాళ్ళ వాదం. నారింజరంగు జెర్సీలు తొడుక్కుని చేవెళ్ల దారిలో పోయేవాళ్ళను ఆషాఢంలోనే చూశాను కనుక ఒక్కడేనని నా సిద్ధాంతం. వేసవి రాత్రి సోఫాలో ఓటమిని నెత్తిన వేసుకున్న ఆ పెద్దమనిషే, వానాకాలం సైకిలెక్కి నెపం గాలి మీదకు తోస్తాడు. తూచమంటే నా మొగ్గు సోఫా వైపే.

ఛందస్సు: ఆటవెలది. యతులు గా–కా, శూ–చూ, ఆ–యా, బ్యా–భ. అలంకారం స్వభావోక్తి. వ్యంగ్యమనిపించినవాళ్ళు తమ వేగం లెక్కల్లో పోయేటప్పటివీ వచ్చేటప్పటివీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఫలశ్రుతి: ఈ పద్యం చదువుకుని బయల్దేరినవారికి గాలి కలిసివస్తుందనిగానీ, విన్నవారి జట్టు గెలుస్తుందనిగానీ నేను హామీ ఇవ్వలేను. పల్లేరుకాయలకు సాహిత్యమంటే లెక్కలేదు. పంపూ, ఒక స్పేరు ట్యూబూ వెంట ఉంచుకోండి.