ఆథారిటీ ఉందా, అప్పా?

144 సెక్షన్ అంటే ఏమిటో ఆళ్లగడ్డలో బడికెళ్లే పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. నలుగురు గుమిగూడితే పోలీసులు తరుముతారు, అంతే. అయితే 2024 జులై 1న ఆ అంకెకు బదిలీ అయింది. కొత్తగా వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144 అంటే భార్యకూ పిల్లలకూ తల్లిదండ్రులకూ ఇవ్వాల్సిన భరణం. గుంపులు కూడొద్దనే పాత పని 163కు అప్పజెప్పారు. కాబట్టి ఇప్పుడెవరైనా "ఊర్లో 144 పెట్టినారంట" అంటే, చట్టం లెక్కన ఊరందరి భార్యలూ ఒకేరోజు భరణం కేసులు వేశారని అర్థం.

జనానికి ఇది నవ్వులాట. నంద్యాలలో ఒక సీనియర్ దగ్గర చేరి, రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చిపోయే జూనియర్ లాయరుకు మాత్రం నవ్వు రావడం లేదు. కాలేజీలో కళ్లు కాయలు కాచేలా బట్టీపట్టిన అంకెలన్నీ పట్టా చేతికొచ్చేసరికి చెల్లని నోట్లయ్యాయి. పాత శిక్షాస్మృతిలో 511 సెక్షన్లుంటే కొత్త న్యాయ సంహిత 358తో ముగిసిపోయింది. అందులో 420 అనేదే లేదు, మోసం 318లోకి కాపురం మార్చింది. హత్య 302 నుంచి 103కు దిగింది. ఇప్పటి 302 కింద ఉన్నది మతభావాలను నొప్పించే మాటలకు శిక్ష. బజార్లో తిట్టుకునే వాళ్లు ఈ సవరణను ఇంకా అమలు చేయలేదు. ఎవణ్ణయినా పట్టుకుని "వాడొట్టి 318 గాడు" అంటే ఏం రోషం వస్తుంది? పోనీ పాతవి మరిచిపోదామా అంటే, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది. వాయిదాల పుణ్యమా అని ఆ కేసులు ఈ జూనియర్ సీనియర్ అయ్యేదాకా నడుస్తాయి.

చట్టానికి మూలాలేవి అంటే కాలేజీలో ఒక వరస చెప్పారు: రాజ్యాంగం, చట్టసభలు చేసిన చట్టాలు, పై కోర్టుల తీర్పులు, ఆచారం. కోర్టుకొచ్చాక తెలిసిన వరస వేరు. సీనియర్ గారి జ్ఞాపకం, గుమాస్తా బీరువా, టైపిస్టు దగ్గరున్న పాత మోడల్. ఈ మూడింట్లో ఏది దేనికి విరుద్ధంగా ఉన్నా నిలిచేది టైపిస్టు మాటే.

సీనియర్ గారు కళ్లు మూసుకుని "దీని మీద హైకోర్టు ఎప్పుడో చెప్పిందప్పా, ఆథారిటీ పట్రా" అంటారు. ఏ హైకోర్టు? నంద్యాల ఉన్నచోటే ఉంది, తిరిగిందంతా హైకోర్టే. మొదట మద్రాసు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954 జులై 5 నుంచి గుంటూరు. 1956 నుంచి హైదరాబాదు. 2019 జనవరి 1 నుంచి అమరావతి. గుంటూరు కోర్టు పుట్టకముందు మద్రాసు చెప్పినవి మనకూ శిరోధార్యమేనని 1955లో ఫుల్ బెంచి తేల్చేసింది గనక ఏ అడ్రసునూ వదలడానికి లేదు. మద్రాసు లా జర్నల్ నుంచి ఆంధ్ర లా టైమ్స్ దాకా, నాగపూర్‌లో అచ్చయ్యే ఆల్ ఇండియా రిపోర్టర్‌తో కలిపి, అన్నీ దుమ్ము దులపాల్సిందే. లైబ్రరీలో అన్ని సంపుటాలూ ఉంటాయి, కావలసింది తప్ప. దాన్ని ఎవరో పెద్దాయన ఒక్కపూటకని తీసుకెళ్లి ఉంటారు. ఆయన కాలం చేసి ఉంటారు కూడా.

ఫోన్లోని ఏఐని అడిగితే క్షణంలో చెబుతుంది కదా అని కుర్రవాళ్ల వాదన. 2023లో న్యూయార్కులో ఇద్దరు లాయర్లు అలాగే అడిగారు. అది పేర్లూ నంబర్లతో సహా చక్కటి తీర్పులిచ్చింది. ఒక విమాన ప్రయాణికుడి కేసులో వాటిని దాఖలు చేస్తే, అందులో అరడజను అసలు పుట్టనే లేదని తేలింది. జడ్జి ఐదు వేల డాలర్ల జరిమానా వేశారు. మన సీనియర్ల జ్ఞాపకం కూడా అప్పుడప్పుడు పుట్టని తీర్పులను పుట్టిస్తుంది. దానికింకా ఎవరూ జరిమానా వేయలేదు.

ఇక రాత సంగతి. టైపిస్టు పాత మోడల్ అన్నాం గానీ, దాని తాత దస్తావేజు లేఖరి దగ్గర ఉంటాడు. నంద్యాలలో మూడో అంతస్తు ఫ్లాటు కొన్నా సరే, క్రయ దస్తావేజులో నిధి నిక్షేప జల పాషాణ అక్షీణి ఆగామి సిద్ధ సాధ్యాలనే అష్టభోగాలూ దఖలు పడతాయి. విజయనగర రాజులు అగ్రహారాలు దానమిచ్చినప్పుడు శాసనాల్లో చెక్కించిన మాటలివి. ఫ్లాటు యజమానికి వీటిలో ఏం చిక్కుతుందో చూద్దాం. నిధి, నిక్షేపం: పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 చట్టం. అది ఇప్పటికీ ఉంది, ఆ పది రూపాయలూ అలాగే ఉన్నాయి. వంటింటి గోడలో పూర్వపు ఓనరు మరిచిపోయిన వెండి గ్లాసు నిధి కింద వస్తుందా అన్నది పరిశోధించదగ్గ అంశం. జలం: బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. మూడో అంతస్తు నుంచి బోరు వేసే మొనగాడికి ఏ చట్టం వర్తిస్తుందో వాల్టా చెప్పలేదు. పాషాణం: ఇది విన్నప్పుడల్లా ఆళ్లగడ్డవాడికి ప్రాణం లేచొస్తుంది. రాతిని దేవుణ్ణి చేసే ఊరు, ఆ శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ నేలలోంచి రాయి తీసి అమ్మాలంటే గనుల శాఖ పర్మిటు, సీనరేజి రుసుము తప్పవు. అక్షీణి అంటే ఏమిటో అమ్మినాయనకు తెలియదు, కొన్నాయనకు తెలియదు, రాసినాయన చెప్పడు. ఆగామి అంటే ముందు ముందు కలగబోయే లాభం. ఫ్లాటుకు అది మెయింటెనెన్సు పెరుగుదల రూపంలో వస్తుంది. సిద్ధం అంటే ఇప్పటికే సాగైన భూమి, సాధ్యం అంటే సాగుకు తేగల భూమి. బాల్కనీలో తులసికోట, పక్కన ఖాళీ కుండీ. ఇవన్నీ ఆచంద్రార్కం అనుభవించమని రాస్తారు. పక్కవాడు పన్నెండేళ్లు దర్జాగా ఆక్రమించి కూర్చుంటే హక్కు పోతుందని 1963 నాటి లిమిటేషన్ చట్టం అంటుంది. సూర్యచంద్రులు ఇందులో పార్టీలు కారు.

ఇంతచేసి, వివాదం వచ్చినప్పుడు పనికొచ్చే చెక్కుబందీ మాత్రం నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. తూర్పు బండిబాట, పడమర వంక, ఉత్తరం మా భాగస్థుల బీడు, దక్షిణం చింతచెట్టు. బాట రోడ్డయింది, వంక పూడింది, భాగస్థులు పంచుకున్నారు, చింతచెట్టు ఏ పొయ్యిలోనో కాలింది. దావా మిగిలింది.

రాయాల్సింది రాయకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతం వాళ్లకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజులవి. ఆ జిల్లాలో బస్సు రూట్ల జాతీయకరణ మీద ప్రైవేటు ఓనర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. తన రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికే ముఖ్యమంత్రి ఈ పని చేయించారని అఫిడవిట్లో రాశారు. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి తరఫున కార్పొరేషన్ వాళ్లు ఏదో చెప్పారు గానీ, కాదంటూ ఆయన సొంత అఫిడవిట్ ఒక్కటీ పడలేదు. ఖండించని ఆరోపణను కోర్టు ఖండించనిదిగానే తీసుకుంది. 1964లో స్కీములు కొట్టేసింది, ముఖ్యమంత్రి రాజీనామా చేశారు. సి.ఎస్. రౌజీ కేసు అంటే దేశమంతా లా విద్యార్థులు చదువుతారు. 1977లో ఆ సంజీవరెడ్డినే నంద్యాల లోక్‌సభకు పంపింది, అది వేరే సంగతి. ఆ కేసు మన బస్సుల గురించని మన జూనియర్‌కు ఎవరూ చెప్పలేదు. రోజూ ఆర్టీసీ బస్సులోనే వచ్చిపోతున్నాడు పాపం.

వాదపత్రంలో ముఖ్యమైన సంగతులు మాత్రమే, క్లుప్తంగా, పేరాలకు నంబర్లు వేసి రాయాలని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 2 చెబుతోంది. ఈ సంగతి టైపిస్టుకు చెప్పే ధైర్యం జూనియర్‌కు ఇంకా రాలేదు. పద్నాలుగు పేజీల ఇంగ్లీషు దావా తయారవుతుంది. అవతలి పక్షానికి, ఇద్దరు లాయర్లకు, బెంచి మీద ఉన్నాయనకు అందరికీ తెలుగు వచ్చు. తెలుగులో రాయొద్దని కింది కోర్టులో ఎవరూ అనరు. అయినా ఇంగ్లీషే. పొలం పోగొట్టుకున్న రైతు చివరి పేజీలో, పైవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమే అన్న వాక్యం కింద, చూపించిన చోట సంతకం పెడతాడు. పెట్టేముందు ఒక్కసారి అడుగుతాడు:

"ఇందులో ఏం రాసినారు సార్?"

జూనియర్ రెండు ముక్కల్లో చెబుతాడు. పొలం ఎవరిది, ఎప్పుడు ఎవరు దున్నుకున్నారు, ఏం కావాలి. రైతుకు పూర్తిగా అర్థమవుతుంది. ఆ రెండు ముక్కలూ ఆ పద్నాలుగు పేజీల్లో ఎక్కడా ఉండవు.