గురుత్వాకర్షణ శక్తి వారి దివ్యసముఖమునకు

అయ్యా,

శక్తి అన్నారు కాబట్టి ‘అమ్మా’ అని పిలవడమే న్యాయం. కానీ అర్జీలు రాసి రాసి చేతికి ‘అయ్యా’ అలవాటైపోయింది, మన్నించగలరు.

నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు దాటాక ఒక కొండ నడుమన ఉన్న ఇరవై ఏడు గడపల ఊరివాణ్ణి. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. అంటే ఏటా తమరి మీద ఒక పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నవాణ్ణి. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నాడని తమరు అనుకోవచ్చు. నా ఇంటికి వాసాలు ఇంకా పడలేదు. ఆ సంగతి విన్నవించుకోవడానికే ఈ లేఖ.

మిగతా అధికారుల సంగతి వేరు. వాళ్ళకు కుర్చీ ఉంటుంది, ఆ కుర్చీ ఖాళీగా ఉండే వేళలుంటాయి, బదిలీలుంటాయి, రెండో శనివారం ఉంటుంది. తమరు ఆదివారం కూడా డ్యూటీలోనే ఉంటారు. తమరి దగ్గర సిఫారసు చెల్లదు, చెయ్యి తడపడం చెల్లదు. తమరి చట్టాన్ని న్యూటన్ గారు 1687లో అచ్చు వేయించారు. ఆ తర్వాత పెద్ద సవరణంటే 1915లో ఐన్‌స్టీన్ గారు చేసిందే. దానివల్ల సిమెంటు బస్తా బరువేమీ తగ్గలేదు. కొండవాళ్ళకు తమరు అసలు రాయితీయే ఇవ్వలేదని అనను. సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లు పైకొస్తే తమరి పట్టు కాస్త సడలుతుంది. లెక్క కట్టి చూశాను. విశాఖలో యాభై కిలోలు తూగే బస్తా మా ఊళ్ళో పది పదిహేను గ్రాములు తక్కువ తూగుతుంది. తక్కెడతో తూస్తే ఆ తేడా కూడా కనబడదు, స్ప్రింగు కాటా కావాలి. ఏదైతేనేం, ఆ పది పదిహేను గ్రాములకు కృతజ్ఞుణ్ణి.

ఇక అసలు విషయం. తారు రోడ్డు మా కొండ కింద ఆగిపోతుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 సంవత్సరంలో మొదలైంది. ఊరికి రోడ్డు రావాలంటే మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉండాలన్నారు. మేం ఇరవై ఏడు గడపలం. తలలు చాలలేదు. అందువల్ల రోడ్డు చివరి నుంచి ఊరి దాకా, మూడు కిలోమీటర్ల దూరం, దాదాపు మూడు వందల మీటర్ల ఎత్తు, రవాణా అంతా ఆ ఉన్న తలల మీదే నడుస్తోంది.

బస్తాను అలాగే మోయరు. సగం సగం రెండు సంచుల్లోకి పోస్తారు. ఆడవాళ్ళు చుట్టకుదురు పెట్టుకుని తలమీద, మగవాళ్ళు కావిడితో. అప్పుడప్పుడు పక్క ఊరి గుర్రం దొరుకుతుంది. ఒకరింటి పనికి ఒకరు వెళ్ళడం మాకు మామూలే కాబట్టి మోసేదీ మావాళ్ళే. పిన్నులు, బావలు, నా దగ్గర చదివి పోయిన పిల్లలు. కూలి ఇస్తే సగంమంది పుచ్చుకున్నారు, సగంమంది రేపు మా ఇంటికి రా అన్నారు. వచ్చే ఏడాదంతా నాకు ఎవరెవరి బరువులో బాకీ ఉన్నాయి.

ఒక పూట కూచుని, యాభై కిలోలు మూడు వందల మీటర్లు ఎత్తితే జరిగే పని ఎంతో తమరి సూత్రం ప్రకారమే కట్టాను. 1,47,000 జౌళ్ళు. వినడానికి ఘనంగా ఉంది. తిండి లెక్కలోకి మారిస్తే 35 కిలోకేలరీలు, అంటే అరటిపండులో మూడో వంతు! మా పిన్ని ఆ బస్తాకు రెండు చెంబుల చోడంబలి తాగింది, ఇంటికెళ్ళి ఇంకో చెంబు తాగింది. ఇంతకన్నా అన్యాయం మా పాఠంలోనే ఉంది. తలమీద బరువుతో సమతలం మీద నడిచే కూలీ చేసిన పని సున్నా అని ఏటా బోర్డు మీద రాయిస్తాను. ఈసారి వెనక బెంచీలోంచి ఓ పిల్ల లేచి, “మరి మా అమ్మకి కూలెందుకు ఇచ్చారు సార్?” అంది. బెల్లు కొట్టారు కాబట్టి బతికిపోయాను.

ప్రభుత్వం వారు కూడా తమరికి ధర కట్టారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద ఇంటికిచ్చే సాయం మైదానంలో 1,20,000 రూపాయలు, కొండల్లో, కష్టమైన చోట్ల 1,30,000. అంటే కొండ ఎక్కించే ఖర్చు పదివేలన్నమాట. నేను జీతగాణ్ణి, ఆ సాయం నాకు రాదు, రాకూడదు కూడా. కానీ ఆ పదివేల అంకె ఎవరు వేశారో వారిని ఒక్కసారి కావిడితో మా దారిన నడిపించాలని మాత్రం ఉంది.

ఇనుప చువ్వల కథ ఇంకోటి. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలు మార్గం అరకు మీదుగానే పోతుంది. దాని మీది సిమిలిగుడ స్టేషను తొమ్మిది వందల తొంభై మీటర్ల పైన ఉంటుంది. బైలడిల్లా ఇనుప రాయి ఆ దారినే విశాఖకు దిగుతుంది. కొండ దిగేటప్పుడు వ్యాగన్లు నిండుగా, ఎక్కేటప్పుడు ఖాళీగా. తమరి స్వభావం ఎరిగి వేసిన మార్గం అది. అలా దిగిన రాయి విశాఖలో కరిగి చువ్వై, లారీలో ఘాట్ రోడ్డెక్కి, రోడ్డు చివర దిగి, ఆరుగురి భుజాల మీద మా ఇంటికొచ్చింది. చువ్వ పన్నెండు మీటర్లుంటుంది. మా దారిలో మలుపు అయిదు మీటర్లకొకటి. వంచి తెచ్చి, పైన సాపు చేశాం. ఇప్పటికీ నా లింటెల్లో ఆ మలుపులు కొన్ని ఉండే ఉంటాయి.

పని జరుగుతున్నన్నాళ్ళూ పాత ఇంట్లో చోటు చాలక, కట్టే ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకున్నాం. నేల చదును చేసే ఓపిక లేక ఏటవాలు మీదే వేశాం. అక్కడ తమరితో కాపురం చేసినట్టే ఉంది. కంచంలో చారు ఎప్పుడూ ఒక పక్కకే. రాత్రి పడుకున్నచోట ఎవరం లేవలేదు, తెల్లారేసరికి అందరం కింది గోడకు చేరి ఉండేవాళ్ళం. చేతిలోంచి జారిన ఉల్లిపాయ మా చిన్నాన్న పసుపు చేనులో దొరికేది. మేకు జారితే దొరికేది కాదు. ఓ రోజు గ్యాసు బండ అడ్డం పడింది. అది దొర్లుతూ పోతుంటే ఊరంతా పనులు మానేసి చూసింది. సిల్వర్ ఓక్ చెట్టుకు తగిలి ఆగింది. కాఫీ తోటకు నీడ కోసం వేసిన చెట్టు అది. ఆ పూట మాకు ప్రాణాలే నిలబెట్టింది.

పైగా మంచు. మార్గశిరం వచ్చేసరికి మా దగ్గర పొద్దున్న తొమ్మిదింటి దాకా ఎదుటి మనిషి కనబడడు. టార్పాలిన్ కప్పినా సిమెంటుకు చెమ్మ తగిలి పదకొండు బస్తాలు బండలయ్యాయి. సంచులు చించి చూస్తే మెత్తటి దిండ్ల ఆకారంలో గట్టి రాళ్ళు. వాటినే గుమ్మం ముందు మెట్లుగా పరిచాం. చూసినవాళ్ళంతా డిజైను బాగుందంటున్నారు.

చైత్రంలో ఇటుకల పండుగ వచ్చింది. పేరు విని మైదానం మేస్త్రి సంబరపడ్డాడు. ఇటుకలకు కూడా పూజ చేస్తారా మాస్టారూ అన్నాడు. అది వేట పండుగ. మగవాళ్ళు అడవికి పోతారు, ఆడవాళ్ళు దారికి అడ్డంగా నిలబడి వచ్చేపోయేవాళ్ళ దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. పండుగ అయ్యేదాకా ఇటుక మోసే మనిషి ఒక్కడూ దొరకలేదు. మేస్త్రి మాత్రం దారిలో మూడుచోట్ల ఇచ్చుకుని మరీ కిందికి దిగాడు.

ఇదంతా చూస్తూ మా మామ్మ చాలా రోజులు ఏమీ అనలేదు. ఓ సాయంత్రం అరుగు మీద కూచుని, రొప్పుతూ పైకొస్తున్న వాళ్ళని చూసి అంది: “ఓరి బాబూ, కిందనుండి కొండెక్కించి ఇల్లు కడతావేటిరా? మీ తాతలు పైనుండి దింపి కట్టీవోరు.”

అయ్యా, ఇరవై ఏళ్ళుగా తమరి గురించి పాఠం చెబుతున్న నాకు ఈ ముక్క తట్టలేదు. పాత ఇల్లు ఒకసారి తిరిగి చూశాను. గోడ రాయి ఊరికి పైనున్న గుట్టది. వెదురూ, దూలాలూ పై అడవివి. గడ్డి పై బయలుది. ఎర్రమట్టి ఇంటి వెనక దరిలోంచి తవ్విందే. ఆ ఇంట్లో కింది నుంచి ఎక్కొచ్చిన వస్తువులు రెండే, గొళ్ళెమూ మేకులూ. తాతలు తమరిని ఎదిరించలేదు, పనిలో పెట్టుకున్నారు. నేను ఏ సినిమాలో చూశానో గానీ స్లాబు వేయాలనుకున్నాను, అందుకు మేస్త్రి చెప్పిన లెక్క రెండు వందల యాభై బస్తాలు.

స్లాబు మానేశాను. ఊళ్ళో కొంచెం పరువు పోయింది. పునాదికీ లింటెల్‌కీ సరిపడా తొంభై బస్తాలకు తెగ్గొట్టి, గోడలకు పై గుట్ట రాయి దింపించాను. గడ్డి మాత్రం వేయలేకపోయాను. ఏడాదికేడాది కప్పే మనుషులూ లేరు, ఆ గడ్డీ తగ్గిపోయింది. రేకులే. రేకుల మీద వాన పడితే పాఠం చెప్పుకోవడం కుదరదని తెలుసు.

ఇందులో తమరు చేసిన మేలు కూడా చెప్పకపోతే తప్పవుతుంది. ఊరికి పైన ఊట ఉంది. అక్కడ చిన్న తొట్టి కట్టి గొట్టం వేశారు. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, నీళ్ళు వాటంతటవే దిగుతాయి. దాన్ని మావాళ్ళు ‘గ్రావిటీ’ అంటారు. “గ్రావిటీ దగ్గరికెళ్ళి బిందె నింపుకు రా” అంటారు. న్యూటన్ గారి ఊళ్ళో కూడా తమరి పేరు ఇంతగా నలిగి ఉండదు. ఏడు రోజులు గోడలు తడిపింది ఆ నీళ్ళే. మేస్త్రి దారానికి కట్టిన గుండు, లెవెల్ చూసే నీళ్ళ పైపు, రెండూ తమరి ఉద్యోగులే. నా ఇంటి పనిలో అబద్ధం చెప్పని తనిఖీదారులు ఆ ఇద్దరే.

భయం కూడా ఉంది. ఇంటి కోసం దరి తవ్వుతుంటే గునపానికి రాయి పుట్టపగిలినట్టు పొడిపొడిగా రాలింది. తూర్పు కనుమల్లోని ఈ రాయికి శాస్త్రజ్ఞులు ఖోండలైటు అని మా పొరుగు ఖోండు జనం పేరే పెట్టారు. ఎండకూ వానకూ తేలిగ్గా శిథిలమయ్యే రాయి. వెనక అడ్డుగోడ కట్టి, నీరు పోవడానికి అడుగడుగునా గొట్టపు ముక్కలు వదిలాం. గోడ వెనక నీరు నిలిస్తే మట్టి బరువుకు నీటి బరువు తోడవుతుందని పిల్లలకు చెప్పే మాటే. 2024 జూలై 30న వయనాడులో తమరు నిద్రలో ఉన్న ఊళ్ళ మీదికి కొండను దింపారు. అదే ఏడాది సెప్టెంబరులో మా జిల్లాలోనే గూడెం కొత్తవీధి మండలంలో చరియ జారింది. అడ్డుగోడకు అయిన ఖర్చు గురించి మా ఆవిడ ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

ఈ మధ్యే విశాఖ మిత్రుడొకడు వచ్చి, మేఘాలు చూసి, మీ పక్కనే ఓ రెండు సెంట్లు ఇప్పించవయ్యా అన్నాడు. 1/70 చట్టం ప్రకారం ఇక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి లేదని చెప్పాను. చట్టం లేకపోయినా కొనడని నాకు తెలుసు. తిరిగి వెళ్ళేటప్పుడు తన బ్యాగు మా అబ్బాయి చేత మోయించాడు.

అసలు మనవి ఇప్పుడు చేస్తున్నాను. గత వానాకాలం మా ఊరి కోడలికి నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. అంబులెన్సు రోడ్డు చివర ఆగింది. దుప్పటి, వెదురు గడ, డోలీ. మోసిన నలుగురూ ఆ పొద్దున నా సిమెంటు మోసినవాళ్ళే. ఎక్కేటప్పుడు తమరు వెనక్కి లాగుతారు, దిగేటప్పుడు ముందుకు తోస్తారు. తడి రాయి మీద డోలీకి రెండోదే ప్రమాదం. మూడు కిలోమీటర్లకు రెండు గంటలు పట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు. మరుసటి రోజు ఆ నలుగురిలో ఒకడు భుజం వాచి బస్తా ఎత్తలేకపోయాడు, నాకు క్షమాపణ చెప్పాడు. ఆ క్షమాపణ ఎవరికి పంపాలో నాకు తెలియలేదు.

కాబట్టి బరువు తగ్గించమని తమరిని అడగను. తమరు తగ్గించరు, తగ్గిస్తే మా ఊట నీళ్ళు దిగవు. రోడ్లు మంజూరు చేసేవారికి ఒక్క సంగతి తమరి నోట చెప్పించమని కోరుతున్నాను. ఊళ్ళో తలలు లెక్కపెట్టేటప్పుడు, ఆ తలల మీద ఉన్నదాన్ని కూడా తూచమనండి.

ఇట్లు,
తమరి పరిధిలోని ఒక కొండవాసి

నకలు: రోడ్లు మంజూరు చేయువారికి, తగు చర్య నిమిత్తం.

తా.క. తొంభైలో ముప్పై ఒక్క బస్తాలు ఇంకా రోడ్డు చివర టార్పాలిన్ కిందే ఉన్నాయి. నిన్న రాత్రి నుంచి మబ్బు పట్టి ఉంది.