నేనొక షంట్‌ని

నా ఒక కొస పసివాడి మెదడులో, మరో కొస పొట్టలో. మధ్యలో చెవి వెనకగా, మెడ మీదుగా చర్మం కిందే సాగిపోయే సిలికాన్ గొట్టాన్ని నేను. షంట్ అంటారు. మెదడులో ఊరే నీటికి దారి మూసుకుపోతే తల ఉబ్బుతుంది. ఆ నీటిని పొట్టలోకి దింపడమే నా కొలువు. డెట్రాయిట్‌లో నన్ను ఈ పసివాడి ఒంట్లో అమర్చినావిడ డాక్టర్ అలెక్సా కెనడీ.

1950లో మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్‌లో పుట్టింది. చిన్న తరగతిలో ఆమెకు వచ్చిన మంచి మార్కుల్ని టీచరే ఓ తెల్లపిల్ల పేర రాసేసింది. కాలేజీలో లెక్కలు చదువుతూ, నావల్ల కాదని మానేయబోయింది. తర్వాత వైద్యం వైపు మళ్లి 1975లో డాక్టరైంది. ఇంటర్న్‌గా చేరిన తొలిరోజే ఒక అధికారి ఆమెను కోటాలో వచ్చిన సరుకుగా జమకట్టాడు. 1981లో న్యూరోసర్జరీ శిక్షణ ముగించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. 1987 నుంచి మిషిగన్ పిల్లల ఆసుపత్రిలో న్యూరోసర్జరీ విభాగానికి పెద్ద.

నాలో ఓ లోపముంది. పిల్లాడు పడుకున్నంతసేపూ బుద్ధిగా ఉంటాను. లేచి నిలబడ్డాడో, డ్రమ్ములోంచి పైపుతో కిరసనాయిలు లాగినట్టు నీళ్లు లాగేస్తాను. నీరు నిలిచినా ముప్పే, ఎక్కువ పోయినా ముప్పే. ఆ లాగుడుకు కళ్లెం వేసే షంట్ మీద ఆమె పనిచేసింది, పేటెంటూ పొందింది. అయినా మా జాతి నిలకడలేనిది: రెండేళ్లు తిరిగేసరికి మాలో దాదాపు సగం మూసుకుపోవడమో చెడిపోవడమో జరుగుతుంది. అందుకే మా పిల్లలకు ఆపరేషన్ ఒకసారితో తీరదు, డాక్టరుతో చుట్టరికం ఏళ్లతరబడి సాగుతుంది.

2001లో పదవి వదిలి ఫ్లోరిడాలోని పెన్సకోలాకు వెళ్లింది. ఆ ఊళ్లో పిల్లల న్యూరోసర్జన్ లేరని తెలిసి, విశ్రాంతి పక్కనపెట్టి మళ్లీ కత్తి పట్టింది. 2012 దాకా పనిచేసింది.

నన్ను మోసే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఒక్క మాట. పొద్దున్నే వాంతి, తలనొప్పి, మగత కనిపిస్తే అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టి ఊరుకోకండి. ముందు నన్ను అనుమానించండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.