చేసిన మంచు

మినియాపోలిస్‌లో ఉండే మా అన్నకు చలికాలమంటే ప్రాణం. అక్కడ చాలామంది హీటర్ పక్కన ముడుచుకునే వేళ ఆయన సన్నటి, పొడవాటి స్కీలు భుజాన వేసుకుని ఇంటి దగ్గర్లోని థియోడర్ వర్త్ పార్కుకు పోతాడు. కొండ మీది నుంచి దూకుడుగా జారే ఆట కాదిది. బూటు ముందుకొస ఒక్కటే స్కీకి తగులుకుని ఉంటుంది, మడమ లేస్తూ ఉంటుంది. చేతికర్రలతో నెట్టుకుంటూ, చెట్ల మధ్య దీపాల వెలుగులో ఎంత దూరమైనా పోవచ్చు. గడ్డకట్టే చలిలోనూ కాసేపటికే చెమట పడుతుందట. కనుబొమ్మల మీది తడి మాత్రం అక్కడికక్కడే తెల్లగా పేరుకుంటుందట. ఆయన చెబుతుంటే బాలాపూర్‌లో ఉన్న నాకూ మనసు లాగుతుంది.

2024 ఫిబ్రవరి 18, ఆదివారం. ఆ పార్కులోనే ప్రపంచ కప్ స్కీ పోటీలు. మనకు రాత్రి పదవుతుండగా అన్న వీడియో కాల్ చేశాడు. అమ్మ అప్పటికే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మన లడ్డూ వేలానికి వచ్చినంత మంది ఉన్నరు కదరా!" అని అమ్మ మురిసిపోయింది.

"ఈసారి మంచు సరిగ్గ పడలేదమ్మా. పోటీ అయితదో కాదో అని మస్తు భయపడ్డం."

"మరి గంత తెల్లగ ఎట్లున్నది?"

"చేసిన్రు. చలి బాగున్న రాత్రిపూట మెషిన్లతోని నీళ్లు గాలిలకు చిమ్ముతరు. కింద పడేలోపు గడ్డకడ్తయి. దాన్ని పరిచి బాట చేస్తరు."

అమ్మ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. చెట్ల నడుమ ఆ తెల్లటి బాట ఎంత దూరం పోయిందో చూసింది.

"అన్నీ మంచి నీళ్లేనా బిడ్డా?"

"నీళ్లేనమ్మా."

"ఎండకు కరిగినంక పట్టుకుంటరా మరి?"

అన్న నవ్వాడు. "పట్టుకునుడేందమ్మా! భూమిలకు పోతయి."

వీధి మొగలో హారన్ మోగింది. అమ్మ ఫోను నా చేతిలో పెట్టి లేచింది.

"డ్రమ్ము మూత తియ్ రా! ఐదు రోజులకు ట్యాంకర్ వచ్చింది."